సంక్రాంతి నుంచి సంక్రాంతికి: డెల్టాలో ఉంటూ మొదటి మారథాన్‌కి తయారవడం ఎలా?

పాలకొల్లు నుంచి నరసాపురం పది కిలోమీటర్ల చిల్లర. వెళ్లి, వచ్చి, మళ్లీ వెళ్లి, మళ్లీ వస్తే ఎంతో, ఇంచుమించు అదీ మారథాన్. కచ్చితంగా చెప్పాలంటే 42.195 కిలోమీటర్లు. బైకు మీద అన్నిసార్లు తిరిగినా నడుం పట్టేసే దూరం.

నేను పదిహేనేళ్లు రైస్ మిల్లులో లెక్కలు రాస్తూ కుర్చీకి అతుక్కుపోయిన మనిషిని. 43వ ఏట మొదలుపెట్టాను. ఏడాది పట్టింది. ముంబైలో 5 గంటల 48 నిమిషాలకి గీత దాటాను. కాబట్టి వేగంగా పరిగెత్తడం ఎలాగో నన్నడగకండి. కాళ్లు విరగ్గొట్టుకోకుండా, ఆస్పత్రి పాలు కాకుండా, మన ఎండల్లో మన బురదలో తయారై ఆ దూరం పూర్తిచేయడం ఎలాగో మాత్రం చెప్తాను.

అసలు సంగతి ముందే

జూన్‌లో కాలవలకి నీళ్లు వదలడం మనమంతా చూసినవాళ్లమే. వేసవంతా ఎండి బీటలిచ్చిన గట్ల మధ్యకి ఒక్కసారే నిండుగా వదలరు. షట్టర్లు కొద్దికొద్దిగా ఎత్తుతారు. లస్కర్లు గట్టు వెంట తిరుగుతూ ఎక్కడ ఊట కారుతోందో చూసుకుంటారు. తొందరపడితే గండే.

ఏళ్ల తరబడి కదలని ఒళ్లూ అంతే. గుండె, ఊపిరితిత్తులు, రక్తం నీళ్లలాంటివి, ముందే వచ్చేస్తాయి. ఆరేడు వారాలు క్రమం తప్పకుండా తిరిగితే ఆయాసం బాగా తగ్గిపోతుంది. ఎముకలూ, కండని ఎముకకి కట్టి ఉంచే స్నాయువులూ గట్టులాంటివి. అవి గట్టిపడడానికి నెలలు కావాలి. "ఊపిరి అందుతోంది కదా, ఇంకో రెండు కిలోమీటర్లు లాగేద్దాం" అనిపించిన రోజే గండి పడే రోజు.

నాకు ఆరో వారంలో పడింది. సెలవులకొచ్చిన మేనల్లుడు "రా మావయ్యా, కలిసి వెళ్దాం" అన్నాడు. వాడికి ఇరవై ఏళ్లు. వాడి వేగంతో ఆరు కిలోమీటర్లు పరిగెత్తేశాను, మీసం మెలేశాను కూడా. రెండు రోజులకి కుడికాలి ముంగాలు ఎముక మీద ఒక్కచోట, వేలు పెట్టి చూపించగలిగేంత చిన్నచోట నొప్పి. ఎక్స్‌రే తీసినవాళ్లు ఏమీ లేదన్నారు, బిళ్లలిచ్చారు. బిళ్లలు వేసుకుని మళ్లీ పరిగెత్తాను. ఐదు వారాలు మంచం మీద గోడ చూస్తూ కూర్చున్నాను. తరవాత తెలిసింది: ఒత్తిడికి ఎముకలో వచ్చే సన్నటి చీలిక మొదటి రెండు మూడు వారాల్లో ఎక్స్‌రేలో చాలాసార్లు కనిపించదట. కండ అంతా పరుచుకున్న తీపు నొప్పికి భయపడక్కర్లేదు, రెండ్రోజుల్లో పోతుంది. ఎముక మీద వేలితో చూపించగలిగే నొప్పి, పరిగెత్తేకొద్దీ పెరిగే నొప్పి, కుంటించే నొప్పి వేరు. ఆ రోజు ఇంటికి ఆటోలో రండి.

డాక్టరు, ఆ తరవాత పందెం

నలభై దాటినా, బీపీ షుగర్లున్నా, ఇంట్లో ఎవరికైనా చిన్న వయసులో గుండెజబ్బు వచ్చినా ముందు డాక్టర్ని కలవండి. బీపీ, షుగరు, ఈసీజీ. ఆయన చెప్తే ట్రెడ్‌మిల్ పరీక్ష. ఇన్సులిన్ వాడేవాళ్లు పరుగు రోజుల్లో మోతాదు ఎలా మార్చుకోవాలో అడిగి రాసుకోండి. పరుగులో షుగరు పడిపోతే గట్టు మీద చూసే దిక్కుండదు. ఎప్పుడైనా ఛాతీలో బరువు, దవడకో ఎడమ చేతికో పాకే నొప్పి, కళ్లు బైర్లు కమ్మడం కనిపిస్తే గ్యాసని సర్దిచెప్పుకోవద్దు.

పందెం ఎంచుకునేటప్పుడు మన వాతావరణాన్ని చూసుకోండి. హైదరాబాద్ మారథాన్ ఆగస్టులో ఉంటుంది. దానికెళ్లాలంటే అతి పొడవైన పరుగులన్నీ మే, జూన్, జూలైల్లో చేయాలి. డెల్టా ఉక్కలో కొత్తవాళ్లకి అది శిక్ష. పైగా అక్కడ ఫ్లైఓవర్లు. ముంబై మారథాన్ జనవరి మూడో ఆదివారం. అంటే ఈ సంక్రాంతికి మొదలుపెడితే వచ్చే సంక్రాంతి మర్నాటికల్లా తయారవుతారు, పొడవైన పరుగులన్నీ చలికాలంలో పడతాయి. నమోదు నెలల ముందే మొదలవుతుంది, నిబంధనలూ సమయ పరిమితీ చదువుకునే డబ్బు కట్టండి. మధ్యలో ఒక రిహార్సల్ కావాలంటే విశాఖలో నేవీ మారథాన్ ఉంది, నవంబరు డిసెంబరుల్లో జరుగుతుంది. అందులో 21 కిలోమీటర్లది పరిగెత్తండి.

బూట్లు

డబ్బు పెట్టాల్సింది దీనికొక్కదానికే. పరుగు కోసం చేసిన బూట్లే కొనండి. షాపుకి సాయంత్రం వెళ్లండి, అప్పటికి పాదాలు కాస్త ఉబ్బి ఉంటాయి, పరుగులోనూ అలాగే ఉబ్బుతాయి. పెద్దవేలికి ముందు బొటనవేలంత ఖాళీ ఉండాలి. "వాడేకొద్దీ వదులవుతాయండి" అని షాపాయన అంటే లేచి వచ్చేయండి. నేను రాలేదు, రెండు కాలిగోళ్లు నల్లబడి ఊడిపోయాయి. ఒక జత 500 నుంచి 800 కిలోమీటర్లు వస్తుంది. ఏడాదికి రెండు జతలు పడతాయి, వానాకాలంలో ఒకటి ఆరుతుంటే ఒకటి తొడుక్కోవచ్చు కూడా.

మొదటి పన్నెండు వారాలు

పండగ వెళ్లాక మొదలుపెట్టండి. మొదటి రెండు వారాలు పరుగు మాటే లేదు. వారానికి ఐదు రోజులు, రోజుకి అరగంట, చేతులు ఊపుతూ చురుగ్గా నడక. అంతే.

మూడో వారం నుంచి వారానికి మూడు రోజులు పరుగు. ఐదు నిమిషాలు నడవండి. ఒక నిమిషం పరిగెత్తండి, రెండు నిమిషాలు నడవండి. ఇలా ఎనిమిదిసార్లు. చివర మళ్లీ ఐదు నిమిషాల నడక. ఐదో వారానికి రెండు నిమిషాల పరుగు, రెండు నిమిషాల నడక. ఏడో వారానికి మూడుకి రెండు. తొమ్మిదో వారానికి ఐదు నిమిషాల పరుగుకి రెండు నిమిషాల నడక. పదకొండు, పన్నెండు వారాల్లో పది నిమిషాలు పరిగెత్తి ఒక నిమిషం నడిచి, అలా మూడు దఫాలు. ఏ వారమైనా కష్టమనిపిస్తే అదే వారం మళ్లీ చేయండి. పరీక్ష తప్పినట్టేం కాదు.

ఇంతకీ ఎంత నెమ్మదిగా? సిగ్గేసేంత నెమ్మదిగా. పక్కన చురుగ్గా నడిచే ఆడవాళ్లు మిమ్మల్ని దాటిపోతే సరైన వేగంలో ఉన్నట్టు. పక్కన మనిషుంటే పూర్తి వాక్యాలు మాట్లాడగలగాలి. తోడు లేకపోతే చిన్నప్పుడు బట్టీపట్టిన శతక పద్యం ఏదైనా పైకి అనండి. పద్యపాదం మధ్యలో ఊపిరి తెగితే వేగం తగ్గించండి. గుండె వేగం కొలిచే వాచీలు నేనూ కొన్నాను. పద్యమే నయం.

చోటు విషయంలో మనం అదృష్టవంతులం. 1852లో కాటన్ దొర ధవళేశ్వరం ఆనకట్ట పూర్తిచేయించాక డెల్టా అంతా పరుచుకున్న కాలవల గట్లే మన ట్రాకులు. చదును నేల, చెట్ల నీడ. లొల్ల లాకుల దగ్గర తెల్లవారుజామున నీళ్ల చప్పుడులో పరిగెత్తడం కోసమే ఒకసారి ఆత్రేయపురం వైపు వెళ్లొచ్చు. తారు రోడ్డైతే అంచుల వైపు వాలుగా ఉంటుంది, ఎప్పుడూ ఒకే పక్క పరిగెత్తితే ఒక మోకాలే అరుగుతుంది. మట్టి గట్టుకి ఆ బాధ లేదు. రోడ్డు తప్పనిసరైతే కుడివైపునే, ఎదురొచ్చే బండి కనపడేలా పరిగెత్తండి. ఆక్వా లారీల కుర్రాళ్లు రాత్రంతా నిద్ర లేకుండా నడుపుతారు. వాళ్లు మిమ్మల్ని చూస్తారని నమ్మకం పెట్టుకోవద్దు.

ఇంకో అడ్డంకి ఉంది, ఏ శిక్షణ పట్టికలోనూ రాయరు. జనం. మన ఊళ్లలో పనీపాటా లేకుండా పరిగెత్తే పెద్దమనిషి ఉండడు. మూడో వారంలో పాలాయన సైకిలాపి మరీ అడిగాడు.

"ఏవండీ, షుగరొచ్చిందా?"

"లేదండీ."

"పోనీ బీపీయా?"

అదీ లేదంటే నమ్మలేదు. మర్నాడు వెనకనుంచి బైకు మీదొచ్చిన కుర్రాడు పక్కన స్లో చేసి, "ఎక్కండి బాబాయ్, బస్టాండులో దింపేస్తా" అన్నాడు. బస్సు తప్పిపోయిందనుకున్నాడు పాపం. నెలరోజులు ఓపిక పట్టండి. తరవాత మీరు రాని రోజు వాళ్లే అడుగుతారు.

ఆడవాళ్లు మొదటి రోజు నుంచే ఇద్దరు ముగ్గురు కలిసి వెళ్లడం మంచిది. మా వీధిలో ఇద్దరు తోడికోడళ్లు చీర మీదే బూట్లేసుకుని నడక మొదలుపెట్టారు. నాలుగు నెలలకి ట్రాక్ ప్యాంటుల్లో పది కిలోమీటర్లు పరిగెత్తుతున్నారు. నాకంటే వేగంగానే.

వారానికి రెండు రోజులు ఇంట్లో కాళ్లకి బలం పెంచే పని చేయండి. జిమ్ అక్కర్లేదు. గుంజీళ్లు తీయండి, బడిలో మాస్టారు తీయించినవే, నెమ్మదిగా, పదిహేనేసి మూడుసార్లు. తరవాత మెట్టు అంచున మునివేళ్ల మీద నిలబడి, మడమలు కిందకి దించి పైకి లేపండి, అదీ పదిహేనేసి మూడుసార్లు. పిక్క, మడమ వెనక స్నాయువు గట్టిపడేది దీనితోనే. నన్నడిగితే ఒక రోజు పరుగు మానినా పర్లేదు, ఈ మెట్టు పని మానొద్దు.

ఏప్రిల్, మే: పెంచొద్దు, నిలబెట్టుకోండి

కాలవలు కట్టేసే కాలం. ఊరంతా ఉక్క. మన ఎండకంటే మన గాలిలో తేమ ఎక్కువ ప్రమాదం. చెమట ఆరితేనే ఒళ్లు చల్లబడుతుంది. తేమ నిండిన గాలిలో చెమట ఆరదు, కారిపోతుంది. అందుకే మార్చిలో హాయిగా పరిగెత్తిన వేగానికే మేలో గుండె దడదడలాడుతుంది. మీరు బలహీనపడ్డారని కాదు. ఒళ్లు వేడికి అలవాటు పడడానికి రెండు వారాలు పడుతుంది, అన్ని రోజులూ సగమే చేయండి.

ఈ రెండు నెలలు కిలోమీటర్లు లెక్కపెట్టకండి, నిమిషాలు లెక్కపెట్టండి. వారానికి నాలుగుసార్లు, 30 నుంచి 40 నిమిషాలు. తెల్లవారుజామున ఐదుకల్లా మొదలై ఆరుంబావుకి ఇంట్లో ఉండాలి. రోహిణి కార్తెలో ఒక్కరోజు బద్ధకించి ఆరున్నరకి బయల్దేరాను. ఏడుంబావుకి అంత ఎండలో చలేసింది. చేతుల మీద రోమాలు నిక్కబొడుచుకున్నాయి, లాకు గోడ రెండుగా కనపడింది. అది హెచ్చరిక. వెంటనే నీడకి చేరి, తల మీద, మెడ మీద, చంకల్లో నీళ్లు పోసుకోవాలి. నన్ను ఒక కొబ్బరి బోండాలమ్మే ఆవిడ కూర్చోబెట్టి బకెట్టుడు నీళ్లు కుమ్మరించింది. మాట తడబడుతున్నా, మనిషి ఏదేదో మాట్లాడుతున్నా ఇక ఇంటి వైద్యం లేదు. నీళ్లు పోస్తూనే 108కి ఫోన్ చేయాలి.

పరుగుకి ముందూ వెనకా బరువు చూసుకోండి. కిలో తగ్గితే ఇంచుమించు లీటరు చెమట పోయినట్టు. నేను మేలో నలభై నిమిషాలకి కిలో తగ్గేవాణ్ని. అయితే ఉత్తి నీళ్లు కడుపు పట్టినంత తాగడం కూడా తప్పే. గంటలకొద్దీ చెమటలో ఉప్పు పోగొట్టుకుని ఉత్తి నీళ్లే పోస్తే రక్తంలో సోడియం పలచబడి మనిషి పడిపోవచ్చు. దాహం వేసినంతే తాగండి, అందులో ఉప్పుండాలి. లీటరు నీళ్లలో ఆరు చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు, రెండూ తలకొట్టినట్టు. ఇంతకంటే ఖరీదైన డబ్బా పొడి ఏదీ నాకు అవసరం పడలేదు.

కోనసీమ వాళ్లకి కోపం వచ్చినా ఒక మాట చెప్పాలి. కొబ్బరి నీళ్లొక్కటే చాలవు. వాటిలో పొటాషియం దండిగా ఉంటుంది, సోడియం తక్కువ. మన చెమటలో పోయేది ముఖ్యంగా సోడియమే. బోండాంలో రెండు చిటికెల ఉప్పు వేసుకోండి, అప్పుడు సరిగ్గా సరిపోతుంది. బీపీ ఉన్నవాళ్లు, కిడ్నీ ఇబ్బందులున్నవాళ్లు ఉప్పు సంగతీ, కొబ్బరి నీళ్ల సంగతీ డాక్టర్నడగాలి.

జూన్ నుంచి ఆగస్టు: బురద, కుక్కలు, మొదటి పది కిలోమీటర్లు

ఇప్పుడు కిలోమీటర్లు లెక్కపెట్టండి. మంగళ, గురువారాలు ఐదేసి కిలోమీటర్లు, శనివారం మూడు, ఆదివారం పొడవైన పరుగు. ఆదివారం పరుగు జూన్‌లో ఆరుతో మొదలై ఆగస్టు చివరికి 15 దాకా వెళ్లాలి. వారానికి ఒక కిలోమీటరు పెంచండి, ప్రతి నాలుగో వారం మూడో వంతు తగ్గించండి. తగ్గించే వారం మానేసేవాళ్లే ఎక్కువ, దెబ్బ తగిలించుకునేదీ వాళ్లే.

వాన పడ్డాక మట్టి గట్టు ఎక్కొద్దు. నల్లరేగడి ఒక్కో బూటుకి కిలో అంటుకుంటుంది, జారితే చీలమండ మడత పడుతుంది. సిమెంటు రోడ్డో, ఏటిగట్టు మీద తారు రోడ్డో చూసుకోండి. తడిసిన బూట్లని ఎండలో పెట్టకండి, జిగురు ఊడుతుంది. లోపలి అట్ట తీసి, పాత పేపర్లు కుక్కి ఫ్యాను కింద పెట్టండి. వేళ్ల సందులకి, తొడల మధ్య కొబ్బరినూనె గానీ వాసెలిన్ గానీ దట్టంగా రాయండి. మగవాళ్లు చొక్కా ఒరుసుకునే చోట ఛాతీకి కూడా. ఎందుకో ఒకసారి రాయకుండా వెళ్లి స్నానం చేసినప్పుడు తెలుస్తుంది.

చీకట్లో టార్చి లేకుండా గట్టెక్కొద్దు. చేలల్లోకి నీళ్లొచ్చాక పాములు గట్ల మీదకి చేరతాయి. కుక్క మీదకొస్తే పరిగెత్తొద్దు. ఆగి, దానివైపు తిరిగి నిలబడి, వంగి రాయి తీస్తున్నట్టు చేయండి. కరిస్తే కుళాయి కింద సబ్బుతో పదిహేను నిమిషాలు కడిగి ఆ రోజే ఆస్పత్రికెళ్లి టీకా వేయించుకోండి. పసుపూ కారం అద్దొద్దు.

మన నేల చదునుగా ఉండడం వరమే, ఒక్క లోపం ఉంది. ఎక్కుడు అలవాటవదు. ముంబైలో చివరి పది కిలోమీటర్లలో పెద్దర్ రోడ్డు ఎక్కుడు వస్తుంది. డెల్టాలో కొండలు లేవు గానీ వంతెనలున్నాయి. మాకు చించినాడ వంతెన. యానాం, ముమ్మిడివరం వాళ్లకి ఎదుర్లంక వంతెన. రెండు వారాలకోసారి తెల్లవారకముందే వెళ్లి, వంతెనకెక్కే వాలు మీద నాలుగైదుసార్లు నెమ్మదిగా ఎక్కి నడుస్తూ దిగండి. మెరిసే పట్టీలున్న జాకెట్ వేసుకోండి. లారీలుండే రోడ్డు అది.

సెప్టెంబరు నుంచి డిసెంబరు: అసలు పని

సెప్టెంబరు చివరికి ఆదివారం పరుగు 20 కిలోమీటర్లు. అక్టోబరు చివరికి 24. నవంబరు చివరికి 28. డిసెంబరు ఆఖరి వారంలో, పందేనికి మూడు వారాల ముందు, 30 లేదా 32. అంతకు మించొద్దు. 42 ముందే ఒకసారి పరిగెత్తి చూసుకుందామనిపిస్తుంది. దానివల్ల ఒరిగేది లేదు, కోలుకోవడానికి పట్టే రోజులు మాత్రం దండగ. మధ్య రోజుల్లో ఏడెనిమిది కిలోమీటర్లు రెండుసార్లు, పది ఒకసారి. మొత్తం వారానికి 55, 58 దాటనక్కర్లేదు.

ఈ పొడవైన పరుగుల్లో మొదటి నిమిషం నుంచే నడక కలపండి. 1972 ఒలింపిక్స్‌లో 10,000 మీటర్లు పరిగెత్తిన అమెరికన్ జెఫ్ గాలవే ఈ పద్ధతిని ఊరూరా నేర్పాడు. అలిసిపోయాక నడవడం కాదు, అలవకముందే నడవడం. నేను నాలుగు నిమిషాలు పరిగెత్తి ఒక నిమిషం నడిచేవాణ్ని, పందెంలో కూడా అంతే. నామోషీ అనుకుని మానేసినవాళ్లు 30వ కిలోమీటరు దగ్గర ఎలాగూ నడుస్తారు, ఏడుస్తూ.

ఆ ఏడుపుకి కారణం ఉంది. కండల్లో, కాలేయంలో దాచుకున్న పిండిపదార్థం దాదాపు 2,000 కేలరీలు. ముప్పై కిలోమీటర్లు దాటేసరికి అది అడుగంటుతుంది. బుర్ర మొద్దుబారి, కాళ్లు సిమెంటు దిమ్మెలవుతాయి. అందుకే గంట దాటిన ప్రతి పరుగులోనూ గంటకి 30 నుంచి 60 గ్రాముల పిండిపదార్థం లోపలికి వెళ్లాలి, ఆకలేసినా వేయకపోయినా. ఓ మోస్తరు అరటిపండులో పాతిక గ్రాములుంటుంది. రావులపాలెం మార్కెట్ పక్కనున్నవాళ్లకి ఆ మాట నేను చెప్పాలా! చక్రకేళి మెత్తగా దిగిపోతుంది. కర్పూరం కొందరికి పులితేన్పులు తెస్తుంది. చిన్న బెల్లం ముక్క, ఖర్జూరాలు, ఉప్పు కలిపిన నీళ్లు, ఇవి నా జేబులో ఉండేవి. ఒకసారి పూతరేకు తీసుకెళ్లాను. పల్చగా ఉంటుంది, బరువు లేదు, చక్కెరంతా ఉంది, ఇంతకంటే ఏం కావాలనుకున్నాను. పద్దెనిమిదో కిలోమీటరు దగ్గర నోట్లో పెట్టుకుంటే పొడి గాలికి ఎగిరి ముక్కులోకి పోయింది, మిగిలింది అంగిలికి అంటుకుంది. దగ్గలేక చచ్చాను. మీరేది తినాలనుకున్నా ఆదివారం పరుగుల్లోనే పరీక్షించండి, పందెం రోజున కొత్తది ఏదీ వద్దు.

పొడవైన పరుగుకి ముందు రాత్రి అన్నం, పప్పుచారు, పెరుగు. గోంగూర, వేపుళ్లు, చేపల పులుసు మర్నాటి మధ్యాహ్నానికి వాయిదా వేయండి. పొద్దున్నే ఒక అరటిపండు, కాస్త కాఫీ. వచ్చిన అరగంటలో ఏదైనా తినాలి. నాకైతే ఉల్లిపాయ నంజుకుంటూ పెరుగేసిన చద్దన్నం, దాంతోపాటు రెండు ఉడికిన గుడ్లు. నొప్పి బిళ్లలు వేసుకుని పొడవైన పరుగుకి వెళ్లొద్దు. డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్‌లాంటివి ఒళ్లు ఎండిపోయిన సమయంలో కిడ్నీల మీద దెబ్బ కొడతాయి.

తుపానుల కాలం కూడా ఇదే. అక్టోబరు, నవంబరుల్లో ఒకటో రెండో వారాలు గాలివానకి పోతాయని ముందే లెక్కేసుకోండి. వారం పోతే పోయింది, పట్టికలో ఉన్నచోటునుంచే కొనసాగించండి. రెండు వారాలు పోతే రెండు మెట్లు కిందకి దిగండి. పోయిన కిలోమీటర్లని అప్పు తీర్చినట్టు తీర్చబోతే గండి.

సార్వా, అంటే వానాకాలం పంట, కోతలు మొదలయ్యాక రోడ్ల మీద ధాన్యం ఆరబోస్తారు. దాని మీద కాలేస్తే గోళీల మీద వేసినట్టే, జర్రున జారుతుంది. పైగా అది ఒకరి ఏడాది కష్టం, చుట్టు తిరిగి వెళ్లండి. గడ్డి తగలబెట్టే పొగ పట్టిన పొద్దున పరుగు మానేయండి. డిసెంబరు మంచులో పది గజాల దూరం కనపడదు. కాస్త తెల్లారాకే బయల్దేరండి.

ఆఖరి మూడు వారాలు, మధ్యలో పండగ

32 అయిపోయాక ఇక పెంచేదేమీ లేదు. మొదటి వారం ముప్పాతిక వంతు, రెండో వారం సగం, చివరి వారం రెండు మూడు చిన్న పరుగులు. ఈ రోజుల్లో లేని నొప్పులు కనపడతాయి, మోకాలు కలుక్కుమంటుంది, నిద్ర పట్టదు. అందరికీ అంతే.

మనవాళ్లకి ప్రత్యేకంగా వచ్చిన చిక్కు, సరిగ్గా ఆ వారమే సంక్రాంతి. గోదావరి జిల్లాల్లో ఆ మూడు రోజులు తినకుండా ఉండడం మారథాన్‌కంటే కష్టం. కొత్తల్లుడి కోసం వండినవన్నీ మన ముందుకే వస్తాయి. "ఒక్క అరిసె తిను నాన్నా, అంత పరిగెత్తేవాడివి" అంటారు. ఒక్కటి తినండి. నూనె వంటకాలు, మసాలాలు వద్దు, అన్నం ఎంతైనా తినండి. కోడిపందేల బరిలో రోజంతా నిలబడొద్దు. భోగి మంట దగ్గర కాళ్లు కాపుకోవచ్చు.

రైలు ముందే చూసుకోవాలి. రిజర్వేషన్ 60 రోజుల ముందు తెరుస్తారు, పండగ రద్దీకి నిమిషాల్లో అయిపోతాయి. రాజమండ్రిలో కోణార్క్ ఎక్స్‌ప్రెస్ ఎక్కితే ముంబై ఛత్రపతి శివాజీ మహరాజ్ టెర్మినస్‌లో దింపుతుంది, ఫుల్ మారథాన్ మొదలయ్యేది ఆ స్టేషన్ ముందే. శుక్రవారానికల్లా చేరుకోండి. ఛాతీకి పెట్టుకునే నంబరు ముందు రోజుల్లోనే తీసుకోవాలి, పందెం పొద్దున ఇవ్వరు. బూట్లు, బనీను, బెల్లం పొట్లం చేతి సంచిలోనే పెట్టుకోండి.

ఆ పొద్దున

తెల్లారకముందే మొదలవుతుంది. జనం, డప్పులు, కేకలు. అందరూ మిమ్మల్ని దాటిపోతారు. పోనివ్వండి. మొదటి పది కిలోమీటర్లు ఆదివారం గట్టు మీద పరిగెత్తినదానికంటే నెమ్మదిగా వెళ్లండి, మొదటి నిమిషాల్లోనే మీ నడక మొదలుపెట్టండి. సముద్రం మీద వంతెన దాటేటప్పుడు గాలి బాగుంటుంది, అక్కడే అందరూ వేగం పెంచేస్తారు, మీరు పెంచొద్దు. ప్రతి నీళ్ల బల్ల దగ్గర రెండు గుక్కలు. 30 దాటాక కిలోమీటర్లు లెక్కపెట్టకండి, తరవాతి కరెంటు స్తంభం దాకా, ఆ తరవాతి దాని దాకా. పెద్దర్ రోడ్డు నడిచే ఎక్కండి. నేను అక్కడ పద్యం అందుకున్నాను, పక్కనున్న గుజరాతీ పెద్దాయన దణ్ణం పెట్టాడు, మంత్రమనుకున్నట్టున్నాడు.

గీత దాటాక కూర్చోకండి. పదిహేను నిమిషాలు నెమ్మదిగా నడిచి, ఉప్పుగా తియ్యగా ఏదైనా తిని, తడి బట్టలు మార్చుకోండి. రెండు రోజులు మెట్లు వెనక్కి తిరిగి దిగాల్సి వస్తుంది. రెండు వారాలు పరుగు మానేసి ఉత్త నడకే. తిరుగు రైలుకి మాత్రం కింద బెర్తే తీసుకోండి. నాకు పై బెర్తు వచ్చింది. ఎక్కడానికి ఇద్దరు పట్టారు, దిగడానికి ముగ్గురు.